చౌరస్తాలో ఇనుప చెట్టు

"దిగు కాకా. పొద్దుగూకే లోపల ఈ చెట్టు ఇక్కడ ఉండొద్దు," అంది జమున.

"చెట్టుతోని పాటు నన్ను గూడ లేపున్రి," అన్నాడు గట్టయ్య, చెట్టు కింది దిమ్మె మీద నుంచి కదలకుండా.

గోదావరిఖని చౌరస్తాలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఇంజనీరు జమున చేతిలో ఆర్డరు ఉంది. ఆమె వెనక క్రేను ఆగి ఉంది. ఎదురుగా ఆ చెట్టు. మూతబడిన గనుల తుక్కుతో ఎవరో చేసిన శిల్పం అది. మెలిపెట్టిన ఇనుప తాళ్లు దాని మాను, పొడవాటి బోల్టులు కొమ్మలు. ఆకులకు బదులు కార్మికుల పాత హెల్మెట్లు గిన్నెల్లా వేలాడుతుంటే, వాటిలో పిచ్చుకలు కాపురముంటున్నాయి. శిల్పి పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది.

"పారేస్తలేం కాకా. ముక్కలు చేసి స్టోరుల పెడ్తం. తర్వాత ఎక్కడన్న నిలబెడ్తం."

"స్టోరుకు పోయినవి ఎన్నడన్న తిరిగొచ్చినయా బిడ్డా?"

జమునకు తన ఎనిమిదేళ్ల సర్వీసులో అలా తిరిగొచ్చినది ఒక్కటీ గుర్తు రాలేదు.

"మేడం, గ్యాస్ కట్టర్ పెడితే అర్ధగంట పని," అన్నాడు క్రేను నడిపే ముజమ్మిల్. "ఆయనను జర పక్కకు జరుపున్రి, చాలు."

గట్టయ్య లేచాడు. మాను మీద ఒకచోట అరచేయి ఆనించాడు.

"ఇక్కడ కోస్తె చెట్టు నీ క్రేను మీదనే పడ్తది తమ్మీ. బరువంత ఈ అతుకు మీదనే ఉన్నది. కింద మట్టి తియ్యి, పన్నెండు బోల్టులుంటయ్. అవి ఇప్పితె చెట్టుకు చెట్టు లేస్తది."

ముజమ్మిల్ దిగివచ్చి మట్టి తోడి చూశాడు. సరిగ్గా పన్నెండు ఉన్నాయి.

"ఇవన్ని నీకెట్ల ఎరుక కాకా?" అంది జమున.

"ఎందుకెరుకుండదు? ఏడాదికోపాలి తుప్పు గీకి రంగేస్త. ఊడిన కాడ వెల్డింగ్ పెడ్త."

ఆమె అతని చేతుల వంక చూసింది. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు. ఫోను తీసి పై అధికారికి కలిపింది.

"సార్, దీన్ని చేసిన శిల్పి ఇక్కడనే ఉన్నరు సార్... అవును సార్, ఆయననే. ముక్కలు చేసుడు వద్దు సార్, అవతలి పార్కుల నిలబెడ్త. సాయంత్రం లోపల రోడ్డు ఖాళీ అయితది. జిమ్మేదారి నాది."

అవతలి నుంచి ఏం విన్నదో, ఆమె ముఖం విప్పారింది.

మధ్యాహ్నానికి బోల్టులన్నీ ఊడాయి. ముజమ్మిల్ పసిపిల్లను ఎత్తినట్టు చెట్టును ఎత్తి, నలభై అడుగుల దూరంలో పార్కు గేటు పక్కన దించాడు. కరెంటు తీగ మీద వరుసగా కూర్చుని అరిచిన పిచ్చుకలు, ఆఖరి బోల్టు బిగిసేసరికి ఒక్కొక్కటే తమ హెల్మెట్లలోకి దూరాయి. గట్టయ్య తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వాటినే చూస్తుండిపోయాడు.

జమున పుస్తకం తెరిచింది. "కొత్త పలక చేయిస్త కాకా. 'శిల్పి' అని రాసి కింద నీ పేరు పెట్టిస్త. ఇంటిపేరుతోని చెప్పు."

గట్టయ్య నాలుక కరుచుకున్నాడు.

"నా పేరెందుకు బిడ్డా? చేసినాయన ఎవలో నాకు తెల్వది. తొమ్మిదేండ్ల కింద దీన్ని కోసుకపోయి తుక్కుల అమ్ముదామని కట్టర్ పట్టుకొని వచ్చిన. హెల్మెట్లల్ల పిట్టపిల్లలుండె. ఎగిరిపోయినంక కోద్దామని ఆగిన... అవి ఎగురుడే ఆలస్యం, ఇంకోటి గుడ్లు పెట్టవట్టె!"