పెద్ద టీవీలో నవత పెండ్లి

"ఎర్ర గీత ఎటున్నది?" టీవీ డబ్బా వెనుక నుంచి సాంబయ్య అడిగాడు.

కమలవ్వ తెర వైపు చూసింది. ఎర్ర గీత లేదు. పచ్చదీ నీలిదీ కూడా లేవు. మంచమంత తెర కాటుకలా నల్లగా ఉంది.

"జర ఎడమకున్నది," అంది గుండె చిక్కబట్టుకుని.

"గిప్పుడు?"

"ఆ, కదులుతున్నది. దగ్గరికొస్తున్నది."

మొగుడితో ఇంత పచ్చి అబద్ధం ఆమె జన్మలో ఆడలేదు. ఆడక గతి లేదు మరి.

సాంబయ్య మంచిర్యాలలో ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసినవాడు. చక్కెర జబ్బు నిరుడు ఆయన రెండు కళ్లనూ పొట్టన పెట్టుకుంది. అప్పటి నుంచి స్క్రూడ్రైవర్ ముట్టలేదు. ఈ రోజు లేస్తూనే, "పెద్ద టీవీ బాగుచేస్త. అయితే సరే. కాకుంటె నా సామాన్ల పెట్టె సుధాకర్‌కు ఇచ్చేస్త, మాపటికి రమ్మన్న. ఇంక దానితోని నాకేం పని?" అన్నాడు. సుధాకర్ ఆయన దగ్గర పని నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టుకున్నవాడు. పెట్టె గడప దాటిందంటే ఈయన మంచం దిగడని కమలవ్వ భయం.

కూతురు నవత పెండ్లయిన ఏడాదే ఆ టీవీ నస్పూర్‌లోని సాంబయ్య ఇంటికి వచ్చింది. ఆరుగురు మోసుకొచ్చారు. బీరువా అంత డబ్బా, దాని కడుపులో మూడు ట్యూబులు: ఎర్రది, పచ్చది, నీలిది. మూడింటి వెలుగూ లోపలి అద్దం మీద పడి, తెర మీద ఒక్కచోట కలిస్తేనే బొమ్మ; కలిశాయో లేదో తెర మీది మూడు రంగుల గీతలు చూసి చెప్పాలి. కొన్నాళ్లుగా అవి కలవడం మానేసి, ఒక్కో మనిషికి మూడేసి నీడలు చూపిస్తున్నాయి. పొద్దున సాంబయ్య వెనుక మూత తీసి, చేత్తో తడుముతూ ఏదేదో కదిపాడు. ఉన్న బొమ్మ కాస్తా పోయింది. చూపు లేక ఏదో పాడుచేసుకున్నాడని కమలవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట ఆయనతో ఏ నోటితో చెబుతుంది?

"నీలిది కలిసిందా?"

"కలిసింది."

"గట్ల పొడిపొడిగ చెప్తే నేనెట్ల తిప్పాలె? మంచిగ జూసి చెప్పు."

చూసినవి చెప్పడం కమలవ్వ మానేసి ఏడాదయింది. ఒకప్పుడు ఆమె నోటికి తీరిక ఉండేది కాదు. వాడకట్టులో ఎవరు ఏ చీర కట్టారో, సీరియల్‌లో అత్త కోడలిని ఎన్ని తిప్పలు పెట్టిందో, ఆయన అన్నం తింటున్నంతసేపూ చెప్పేది. చూపు పోయిన మనిషి ముందు చూసినవాటి ముచ్చట పెడితే పుండు మీద కారం చల్లినట్టు ఉంటుందని ఇప్పుడామె భయం. "ఏమన్న ముచ్చట చెప్పరాదే" అని ఆయన అడిగితే, "ఏమున్నది చెప్పనీకి" అని వంటింట్లోకి పోయేది.

"నవత పెండ్లి సీడీ వెట్టు. మనుషుల మీదనైతె మంచిగ తెలుస్తది," అన్నాడు సాంబయ్య.

సీడీ తిరిగింది. సన్నాయి మోగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"ఏమొస్తున్నది?"

ఆ సీడీ కమలవ్వ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. కళ్లు మూసుకుని అందుకుంది. "నవత పీటల మీద కూసున్నది. పసుపు చీర. నెత్తి మీద జీలకర్ర బెల్లం."

"నేనేడున్న?"

"నువ్వా? పెండ్లిపిల్ల తండ్రివి, కాళ్లు గడిగే యాల్లకు మైకు ఖరాబైందని స్తంభమెక్కి కూసున్నవు! పంతులు పరేషాన్ అయితుండు."

డబ్బా వెనుక నుంచి నవ్వు వినిపించింది. "గప్పుడు నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త? కింద నిలబడి ఒర్లిన. ఇగో, గిదే వస్తున్నది. నా నోరు జూడు, ఎట్ల తెరిచిన్నో!"

అనేసి నాలుక కరుచుకుంది.

"చూస్తున్న తియ్. ఇంక చెప్పు," అన్నాడాయన.

కమలవ్వ చెప్పింది. సత్తమ్మ వదిన లడ్డూలను సంచిలో దాచుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూడడం చెప్పింది. అప్పగింతలప్పుడు ఎవరికీ కనబడకుండా ఆయన జనరేటర్ చాటుకు పోయి ఏడ్చిన సంగతీ చెప్పింది. చెబుతూ చెబుతూ భయం మరిచిపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. తన గొంతు తనకే వింతగా, హాయిగా ఉంది. గంట ఎలా గడిచిందో తెలియలేదు.

"రంగులు ఎట్లున్నయే?"

"మస్తున్నయి. ఒక మనిషికి ఒకటే బొమ్మ. కొత్త టీవీ కూడ దీని ముందు దిగదుడుపే."

"అయితే సుధాకర్‌కు ఫోన్ గలుపు."

కలిపి ఇచ్చింది. "రాకురా సుధాకర్. పెట్టె ఇస్తలేను. నాకింక పనున్నది," అన్నాడు సాంబయ్య.

ఆమె మనసు తేలికపడింది. ఈయన నిద్రపోయినప్పుడు సుధాకర్‌ను పిలిపించి టీవీ గుట్టుగా బాగుచేయించాలి. అబద్ధమాడిన పాపం ఏదైనా ఉంటే దేవుడు నా ఖాతాలో రాసుకోనీ అనుకుంది.

సాంబయ్య గోడ పట్టుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"కడుపు నిండ చూసిన నవత పెండ్లి," అన్నాడు. "బొమ్మ ఉంటె నువ్వు గిట్ల చెప్పకపోతుంటివి."

కమలవ్వ ఆయన వైపు తిరిగింది. "అంటే?"

ఆయన తడిమి ఆమె చేయి పట్టుకున్నాడు.

"బొమ్మ వైర్లు పొద్దుగాల నేనే పీకిన."