మామగారి నోట్లో సిగరెట్

పొగాకు వల్ల ఎందరు పోతారో లెక్కగట్టడమే ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. మా మామగారేమో, "ఎనభై దాటినా గుండ్రాయిలా ఉన్నాను. నీ లెక్కల్లో నేనెక్కడమ్మా?" అంటూ నా ఎదుటే సిగరెట్ నోట్లో పెట్టుకుంటారు. నేను ముక్కు మూసుకుని గదిలోంచి పారిపోతాను.

మొన్న ఉమ్ములో నికోటిన్ జాడ పట్టే కిట్లు వచ్చాయి. సర్వేకి ముందు ఓ గట్టి పొగరాయుడి మీద సరిచూడాలి కదా. మామగారిచేత సీసాలో ఉమ్మించాను.

సున్నా వచ్చింది. మూడుసార్లు చూసినా సున్నానే. నాలుగు వందల కిట్లూ దండగేనని కంపెనీకి ఘాటుగా ఉత్తరం మొదలుపెట్టాను.

మామగారు మెల్లగా పక్కన చేరారు. "వాళ్లనేం అనకమ్మా. నీ మొదటి పరిశోధన చదివిన రోజే మానేశాను. ఇది వెలిగించను, ఊరికే నోట్లో పెట్టుకుంటాను. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు. తను మొత్తుకుంటే మాననివాణ్ని, కోడలి కాగితం చూసి మానేశానంటే నన్ను బతకనివ్వదు."

ఒట్టేసి వంటింట్లోకి వెళ్లాను.

"కిట్లేమంటున్నాయి?" అన్నారు అత్తయ్య, గిన్నె తోముతూనే.

"పాడైపోయాయి."

"పాడవలేదులే. ఆయన జేబులో పద్దెనిమిదేళ్లుగా అదే అగ్గిపెట్టె. చొక్కా ఉతికే ముందు తీసి లెక్కపెడుతూనే ఉన్నాను, ఎప్పుడూ ముప్పై ఏడు పుల్లలే. నాకు తెలుసని ఆయనకి చెప్పకు. పంతానికి మళ్లీ మొదలెడతారు."