ఏ మందు బతికించింది?

అబేని, కూతురు తివా నానిన అలసందల పొట్టు తీస్తున్నారు. ఆడపడుచు మోజిసోలా వచ్చి వేర్ల కషాయం సీసా ముందు పెట్టింది.

"తాగు. నీ మీద కొత్త మందు పరీక్షించడమేంటి? ఆసుపత్రి వాళ్లకి ఎలుకలు దొరకలేదా?"

"ఎలుకల వంతైపోయింది వదినా. ఇప్పుడు నాది. ఇంకేదీ తాగనని మాటిచ్చా."

"ఒళ్లంతా క్యాన్సర్ పాకినా పంతమేనా?"

"రెండూ తాగి బతికితే, ఏది బతికించిందో ఎవరికి తెలుస్తుంది?"

"బతికితే చాలదా?"

"నాకు చాలు. నాకీ జబ్బు తెచ్చిన జన్యువు తివాకీ ఉందని నిన్న తేలింది. రేపు దానికి ఏ మందివ్వాలో తెలియొద్దూ?"

తివా తలెత్తకుండా పొట్టు తీస్తోంది. మోజిసోలా మేనకోడలిని చూస్తూ నిలబడిపోయింది.

పొద్దున్నుంచీ కాచిన కషాయాన్ని పెరట్లో పారబోసి, ఖాళీ సీసా తీసుకుని వెళ్లిపోయింది.