ఉత్తుత్తి సమ్మెట

ఇనుము సాగగొట్టే కర్మాగారంలో, మేడ మీది గదిలో ఆ రాత్రి ప్రోగ్రామర్ ఒక్కడే మిగిలాడు. కింద ఉన్న యంత్రపు సమ్మెటను నడిపించే సాఫ్ట్‌వేర్ అతనిదే. దాన్ని పరీక్షించే పాత టూల్ మొరాయిస్తోందని ఆ పూటే కొత్తది పెట్టాడు. పరీక్ష చేసేటప్పుడు అసలు సమ్మెట జోలికి పోకుండా, దాని బదులు ఉత్తుత్తి సమ్మెట ఒకటి జవాబిస్తుంది. ఏమడిగినా నేర్పిన ఒక్క ముక్కే చెప్పడం దాని పని.

పరీక్ష మొదలుపెట్టే మీట నొక్కాడు. తెర మీద పచ్చటి టిక్కు పడింది. కింద దభీమంది. నేల అదిరింది.

వెంటనే కింద కాపలా ఉండే బాబాయికి ఫోన్ చేశాడు.

"బాబాయ్, సమ్మెట ఎవరు ఆన్ చేశారు?"

"ఇక్కడంతా బాగానే ఉంది బాబూ."

మళ్ళీ దెబ్బ పడింది. ఈసారి దాంతోపాటు ఎముకలు పటపటా విరిగిన చప్పుడు.

"బాబాయ్! నీకేం కాలేదు కదా?"

"ఇక్కడంతా బాగానే ఉంది బాబూ."

అదే గొంతు, అదే నిదానం.

ఫోన్ చెవికి ఆనించుకునే మెట్లు దిగాడు. సమ్మెట కిందికి దిగి ఉంది. దాని అడుగు నుంచి నెత్తురు గడప దాకా పారింది. బాబాయిలో బయటికి మిగిలింది ఒక్క చెయ్యే. ఆ చేతి పక్కన ఆయన ఫోన్ తునాతునకలై పడి ఉంది.

"బాబాయ్..." అన్నాడు.

"ఇక్కడంతా బాగానే ఉంది బాబూ," అని చెవిలో వినిపించింది.