ఏటి పైన తోట

లిబార్దో తోటలో కాఫీ పండ్ల తొక్క తీసే మిషను తిరుగుతోంది. కంపుకొట్టే కడుగునీళ్ళు తిన్నగా ఏట్లో కలుస్తున్నాయి. కింది ఊరంతా తాగేది ఆ ఏటి నీళ్ళే. ఊరి నీళ్ళ సంఘం పెద్ద ఒతీలియా రొప్పుతూ కొండెక్కి, మళ్ళీ తమ్ముడు లిబార్దో ముందు నిలబడింది.

"గుంట తవ్వి అందులోకి వదలరా."

"కోతల రోజుల్లో ఎవడు తవ్వుతాడక్కా? మీ ఇంటికి ఊటనీళ్ళేగా, నీకెందుకీ తిప్పలు?"

ఆమె బస్తా మీద కూలబడింది. బతిమాలడం, తిట్టడం అన్నీ అయిపోయాయి. ఇక ఒక్క మాటే మిగిలింది. అది చెప్పనని మాటిచ్చి ఉంది.

"నీ కూతురు కింది ఊళ్ళోనే కాపురముంటోంది. నీళ్ళోసుకుంది."

నచ్చినవాడితో వెళ్ళిపోయిన ఆ పిల్ల పేరు లిబార్దో ఇంతవరకూ ఎత్తలేదు. వెళ్ళి మిషను ఆపాడు. అటు తిరిగే అడిగాడు.

"ఎన్నో నెల?"