కదలని చుక్క

"బాబూ, ఆ ప్రొపెల్లర్ కాస్త వదులుగా ఉన్నట్టుంది."

పక్కన నిలబడ్డ ఎవరో కొత్త పెద్దాయన అన్నాడు. షాలోమ్ డ్రోన్ కింద పెట్టి చూశాడు. నిజమే.

"థాంక్స్ అంకుల్," అని బిగించాడు.

కాసేపటికి డ్రోన్ కంపెనీ యజమాని దెబోరా వచ్చి ఆ పెద్దాయనకి మడత కుర్చీ వేసింది.

"ప్రేమానందం గారు. ఇవాళ మనతో ఉంటారు," అంది. అంతే చెప్పింది.

మూడేళ్లుగా షాలోమ్ ఆమె దగ్గర పైలట్. అతనికి ఎప్పుడూ కుర్చీ వేయలేదు.

సేఫ్టీ లీడ్ పోస్టు ఖాళీగా ఉంది. అతను అప్లై చేసి నెలైంది.

ఆమె పెద్దాయనకి కాఫీ ఇచ్చి నవ్వింది. అది రెండో నవ్వు. లెక్కపెడుతున్నందుకు అతనికి సిగ్గేసింది. అయినా మూడోది కూడా లెక్కపెట్టాడు.

టెక్సస్‌లోని ప్లేనోలో వడగళ్లు పడిన వారం అది. తెలుగు చర్చి కప్పు దెబ్బతింది, పైనుంచి ఫొటోలు తీయాలి. ఆరాధన ముగిసి, పార్కింగ్ లాట్ చివర జనం బిర్యానీకి వరుస కట్టారు.

డ్రోన్ లేచి కప్పు మీద నిలిచింది.

ప్రేమానందం లేచొచ్చి షాలోమ్ చేతిలో రిమోట్ స్క్రీన్‌లోకి చూశాడు.

"సిగ్నల్స్ అన్నీ ఒకే బలంతో వస్తున్నాయి. నిజం శాటిలైట్లు అలా ఉండవు. ఎవరో దొంగ సిగ్నల్ వదులుతున్నారు, డ్రోన్ ఎక్కడుందో స్క్రీన్ తప్పు చూపిస్తుంది. జీపీఎస్ ఆఫ్ చేసి, చేత్తో దించెయ్."

"పద్దెనిమిది శాటిలైట్లు అంకుల్. ఫుల్."

"స్క్రీన్ కాదు, పైకి చూడు."

దెబోరా వింటోంది. తల ఎత్తితే ఆయన గెలిచినట్టే అనిపించింది షాలోమ్‌కి.

"మ్యాప్‌లో డ్రోన్ చుక్క కదలట్లేదు కదా. మీ టైమ్‌లో ఇవన్నీ లేవేమో."

పెద్దాయన కుర్చీ మడిచి పట్టుకుని బిర్యానీ వరుస వైపు పరిగెత్తాడు.

అప్పుడు తల ఎత్తాడు షాలోమ్. కప్పు మీద డ్రోన్ లేదు. అది దీపస్తంభానికి కొట్టుకుని వరుస మీదికి పడుతోంది.

కింద ఒకామె తల మీద ప్రేమానందం కుర్చీ అడ్డుపెట్టాడు. ఆమెకేమీ కాలేదు. ఆయనకి మణికట్టు దగ్గర లోతుగా తెగింది.

స్క్రీన్ మీద చుక్క ఇంకా కప్పు మీదే ఉంది.

అంబులెన్స్ వెళ్లాక షాలోమ్ మెల్లగా అడిగాడు. "పోస్టు ఆయనకే ఇస్తున్నారా?"

"ఆయన జాబ్‌కి రాలేదు. పైలట్లని టెస్ట్ చేసే మనిషి. నీ గురించే పిలిపించాను." దెబోరా బ్యాగ్‌లోంచి ఒక కాగితం తీసింది. "పొద్దున ప్రొపెల్లర్ బిగించావు చూడు, అప్పుడే రాసిచ్చారు."

అందులో ఒకటే వాక్యం ఉంది: "షాలోమ్‌కే ఇవ్వండి, ముక్కూమొహం తెలియనివాడు చెప్పినా ఆగి చూసుకుంటాడు."