సర్జన్ గారి కాలి గోరు

"చచ్చిపోతున్నానమ్మా!"

లోపలికి పెరిగిన కాలి గోరు తీయించుకొచ్చిన సర్జన్ గారు ఇల్లు పీకి పందిరేస్తున్నారు. మత్తు వదలకముందే మాత్ర వేసుకోమని తోటి డాక్టరు చెబితే, "నాకే చెబుతావా?" అని నవ్వి వచ్చిన మనిషి.

తల్లి ఆ కాలిని దిండు మీదికి ఎత్తి, మాత్ర, మంచినీళ్లు తెచ్చింది. "ఓర్చుకో నాన్నా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"ఏ తలకుమాసినవాడు చెప్పాడు నీకు?"

"నువ్వే. పోయిన నెల నా వీపు మీద గడ్డ కోసినప్పుడు. మాత్ర కూడా దండగన్నావు."

సర్జన్ గారి మూలుగు ఠక్కున ఆగింది. "అంటే... నీకూ ఇలాగే నొప్పెట్టిందా?"

"పెట్టింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. ఈ వయసులో గారాలేంటన్నావు. ముందు మాత్ర మింగు నాన్నా."